క్రీడాకారుని నిచ్చెనలో కళాశాల మెట్టు

"ఆటలు కడుపు నింపుతాయా?" అనే ప్రశ్న మన ఇండ్లలో తరతరాలుగా వినబడుతూనే ఉన్నది. బంతి చేతబట్టిన కొడుకును చూచి తండ్రి వేసే ప్రశ్న అది. హాజరుపట్టీలోని ఖాళీ గళ్ళను చూచి అధ్యాపకుడు వేసే ప్రశ్న కూడా అదే. దానిని తేలికగా కొట్టివేయరాదు. చాలీచాలని సంపాదనతో బిడ్డను చదివించే కుటుంబం వాని భవిష్యత్తును గురించి భయపడటంలో తప్పేమీ లేదు. కాని ఆ ప్రశ్న పుట్టిన కాలానికీ నేటికీ మధ్య ఒక పెద్ద మార్పు వచ్చినది. ఆటనే వృత్తిగా స్వీకరించి జీవించడానికి వీలైన లీగులు మన దేశంలోనే, మన తెలుగు గడ్డ మీదనే వెలసినవి. కనుక ఇప్పుడు మనం వేసుకొనవలసిన ప్రశ్న వేరు. చిన్న పట్టణపు కళాశాలలో చక్కగా ఆడే విద్యార్థికీ ఆ లీగుకూ మధ్యనున్న నిచ్చెనలో విరిగిపోయిన మెట్టు ఏది? అది కళాశాల మెట్టేనని నా అభిప్రాయం. దానిని బాగుచేసుకొనడం మన చేతిలోని పనియేనని మనవి చేయడానికే ఈ వ్యాసం.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. దూరదేశాల ఉదాహరణలకు పోయే ముందు మన ఇంటి సంగతి చూద్దాం. మన తిరువూరు నియోజకవర్గంలో విస్సన్నపేట మండలానికి చెందిన కొండపర్వ అనే గ్రామం ఉన్నది. వాలీబాల్ క్రీడలో దేశవ్యాప్తంగా పేరు గడించిన శ్రీ అరికపూడి రమణారావు గారి స్వగ్రామం అది. ఆటగాడుగా ఆయన 1977–78 సంవత్సరపు అర్జున పురస్కారాన్ని, శిక్షకుడుగా 1990లో ద్రోణాచార్య పురస్కారాన్ని అందుకున్నారు. ఆడినందుకు ఒక గౌరవం, ఆడించినందుకు మరొక గౌరవం! ఈ రెండూ ఒకే వ్యక్తికి దక్కడం అరుదు. మన బస్సులు రోజూ తిరిగే దారిలోని పల్లెకు అంతటి కీర్తి లభించినదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను మనం ఇంత నిష్ఠగా పాటించనక్కరలేదు.

వాలీబాల్ విషయంలో తెలుగు నేల బీడు కాదు. 1973లో జి. మాలినీ రెడ్డి, 1989లో హైదరాబాదుకు చెందిన అబ్దుల్ బాసిత్, 2000లో పి.వి. రమణ, 2002లో రవికాంత్ రెడ్డి అర్జున పురస్కారాలు పొందినారు. వీరిలో రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం గెలిచిన భారత జట్టు సభ్యులు. బాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు తండ్రిగా ఈ తరం వారు ఆయనను ఎరుగుదురు. ఇంతటి ఆటగాళ్ళు తమ కాలంలో ఆట వలన పొందిన జీవనాధారం ఏమిటి? ప్రభుత్వ సంస్థలో ఒక ఉద్యోగం. రమణ గారు దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగి. రైల్వే, పోలీసు శాఖ, బ్యాంకులు, విద్యుత్ సంస్థలు తమ జట్ల కొరకు ఆటగాళ్ళను చేర్చుకొనేవి. నాటి నిచ్చెనకు అదే చివరి మెట్టు. పగలు కార్యాలయం, సాయంత్రం మైదానం, పోటీల సమయంలో సెలవు. ఆ ఏర్పాటును చిన్నచూపు చూడరాదు. ఎన్నో కుటుంబాలను అది నిలబెట్టినది. కాని ఆటను పూర్తికాల వృత్తిగా ఎంచుకొనే అవకాశం మాత్రం ఆనాడు లేదు.

ఆ గోడను దాటిన మొదటి భారతీయ వాలీబాల్ క్రీడాకారుడు కేరళకు చెందిన జిమ్మీ జార్జ్. రమణ గారితో కలిసి సియోల్‌లో ఆడిన వ్యక్తియే. కన్నూరు జిల్లాలోని పేరావూరులో 1955లో జన్మించి, 1973 నుండి 1976 వరకు కేరళ విశ్వవిద్యాలయం పక్షాన ఆడినాడు. 1976లో, ఇరవై యొక్క సంవత్సరాల వయస్సులోనే, అర్జున పురస్కారం పొందినాడు. వైద్యవిద్యను మధ్యలో వదలి పోలీసు శాఖలో చేరినాడు. 1979లో అబుదాబి క్లబ్బుకు వెళ్ళి, 1982లో ఇటలీ లీగులో అడుగుపెట్టినాడు. 1987 నవంబరు 30న ఆ దేశంలోనే రోడ్డు ప్రమాదంలో మరణించినాడు. అప్పటికి ముప్పది రెండేళ్ళు. ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినవి రెండున్నాయి. ఇటలీ వారి కంటికి కనబడే ముందు అతడిని తీర్చిదిద్దినది ఇంటి ముంగిలి, ఆ తరువాత విశ్వవిద్యాలయ జట్టు. ఇది మొదటిది. ఆనాటి విద్యార్థి చదువునూ ఆటనూ రెండు చేతులా పట్టుకొనలేక ఒకదానిని వదలుకొనవలసి వచ్చినది. ఇది రెండవది. అర్ధ శతాబ్దం గడచినా ఈ రెండవ సంగతి మన కళాశాలలలో ఏమంత మారలేదు.

మారినది నిచ్చెన పైభాగం. 2019లో ప్రో వాలీబాల్ లీగు ఆరు జట్లతో జరిగినది. 2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగు తొలి పోటీలు ఏడు జట్లతో హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే జరిగినవి. అందులో హైదరాబాదు పేరున 'బ్లాక్ హాక్స్' జట్టు ఉన్నది. 2025 పోటీలకు కూడా ఆ నగరమే వేదిక అయినది. జిమ్మీ జార్జ్ సముద్రాలు దాటి వెదకుకొన్న వృత్తి, ఇప్పుడు తిరువూరులో రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారేసరికి చేరుకొనే దూరానికి వచ్చినది. పై మెట్టు ఇంత దగ్గరకు దిగివచ్చినా మన విద్యార్థి కాలు దానిమీద పడటం లేదంటే, కారణం క్రింది మెట్లలో వెదకవలెను.

మెట్లన్నీ బాగుగా ఉన్న నిచ్చెన ఎట్లుంటుందో తెలుసుకొనడానికి బాస్కెట్‌బాల్ వైపు చూడవలెను. ఈ క్రీడ పుట్టినదే విద్యాసంస్థలో. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడు, చలికాలంలో విద్యార్థులకు గదిలోపల వ్యాయామం కల్పించడానికి పండ్ల బుట్టలు బిగించి దీనిని ప్రారంభించినాడు. నేటికీ ఆ దేశంలో కళాశాలయే వృత్తి లీగుకు ప్రధాన ద్వారం. ఎన్.బి.ఏ. లీగులోని జట్లు ఏటా వరుసక్రమంలో కొత్త ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. దానిని డ్రాఫ్ట్ అంటారు. అమెరికా నుండి ఎంపికయ్యేవారిలో అత్యధికులు కళాశాల జట్లలో ఆడివచ్చినవారే.

హకీం ఒలాజువాన్ అనే ఆటగాని చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం. నైజీరియా దేశంలోని లాగోస్ నగరంలో 1963లో పుట్టిన ఈ బాలుడు మొదట ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడేవాడు. పదిహేనేళ్ళు వచ్చేవరకు బాస్కెట్‌బాల్ ఆడి ఎరుగడు. 1980లో అమెరికాలోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో చేరినాడు. మొదటి సంవత్సరం పోటీలలో ఆడనే లేదు, సాధన మాత్రమే. వేసవి సెలవులలో మోజెస్ మలోన్ అనే ఉద్దండుడైన వృత్తి ఆటగానితో తలపడుతూ ఆటలోని లోతుపాతులు నేర్చుకున్నాడు. ఆ తరువాతి మూడేళ్ళూ, అనగా 1982, 1983, 1984 సంవత్సరాలలో, అతని కళాశాల జట్టు జాతీయ పోటీలలో చివరి నాలుగు జట్లలో నిలిచినది. 1984 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక అతడే. అదే సంవత్సరం మూడవ స్థానంలో ఎంపికైనవాడు మైకేల్ జోర్డాన్ అంటే ఆ ఎంపిక విలువ అర్థమవుతుంది. హ్యూస్టన్ రాకెట్స్ జట్టుకు 1994, 1995లలో వరుసగా రెండు సార్లు లీగు విజేతగా నిలిచే గౌరవం అతని వలన దక్కినది. 1995 ఫిబ్రవరిలో రంజాన్ ఉపవాసాలు పాటిస్తూనే ఆడి, ఆ నెల ఉత్తమ ఆటగాడుగా ఎన్నికైనాడు.

ఇక్కడ నా దృష్టిని ఆకర్షించినది అతని ఎత్తు కాదు, అతని కీర్తి కాదు. పదిహేనేళ్ళ వరకు ఆట తెలియని పిల్లవాడు ఇరవై యొక్క ఏటికి ప్రపంచంలోని మేటి లీగుకు మొదటి ఎంపిక ఎట్లా కాగలిగినాడు? కళాశాల అతనికి మూడు వస్తువులు ఇచ్చినది. నేర్చుకొనడానికి కాలం, నేర్పడానికి గురువు, నేర్చినది పరీక్షించుకొనడానికి ఎడతెగని పోటీలు. మొదటి ఏడాది ఫలితం కనబడలేదని అతనిని ప్రక్కకు నెట్టలేదు. మన కళాశాలలలో ఈ మూడింటిలో ఏది ఉన్నది? సర్వసాధారణంగా జరిగేది ఇది. అంతర కళాశాల పోటీల తేదీలు ప్రకటించిన తరువాత పది రోజుల ముందు జట్టును ఎంపిక చేస్తాము. చొక్కాలు కుట్టిస్తాము. మొదటి ఆటలో ఓడివస్తే, మనవాళ్ళకు ఆ పట్టుదల లేదని తీర్పు చెప్తాము. తెలుగు వ్యాకరణాన్ని పది రోజులలో నేర్పి పరీక్ష పెడితే ఫలితం ఎట్లుండునో, ఇదీ అట్లే ఉండును.

అయితే అమెరికా నిచ్చెనను చూచి మురిసిపోయే ముందు దాని లెక్కను కూడా చూడవలెను. ఆ దేశంలో మొదటి శ్రేణి కళాశాల జట్లు మూడువందల యాభైకి పైగా ఉన్నవి. జట్టుకు పన్నెండుమంది చొప్పున లెక్కించినా నాలుగువేల పైచిలుకు ఆటగాళ్ళు. వారిలో నాలుగవ వంతు ఏటా చదువు ముగిస్తారనుకున్నా వెయ్యిమంది. డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యేది సుమారు అరవైమంది. అందులోనూ విదేశీయులు కొందరుంటారు. అనగా తమ కళాశాలలో వీరులనిపించుకొన్నవారిలో కూడా నూటికి తొంభైమందికి పైగా ఆ ద్వారం ముందు నుండి వెనుదిరుగవలసినదే. ద్వారం లోపలికి పిలుపు వచ్చినంత మాత్రాన కూడా కథ ముగియదు. పంజాబులోని బల్లోకే గ్రామానికి చెందిన సత్నాం సింగ్ 2015లో డాలస్ జట్టు చేత 52వ ఎంపికగా డ్రాఫ్ట్ అయి, భారతదేశంలో పుట్టినవారిలో ఆ గౌరవం పొందిన మొదటివాడైనాడు. అతడు కళాశాల మెట్టు ఎక్కకుండా క్రీడా అకాడమీ నుండి నేరుగా వెళ్ళినవాడు. ఎన్.బి.ఏ.లో ఒక్క ఆట కూడా ఆడే అవకాశం అతనికి రాలేదు. ఆ తరువాత మల్లయుద్ధ ప్రదర్శనల వైపు మరలినాడు. కళాశాలలో ఆడి ఉంటే ఏమి జరిగేదో ఎవరూ చెప్పలేరు. కాని పిలుపుకూ స్థానానికీ మధ్య ఎంత దూరమున్నదో అతని అనుభవం తెలుపుతున్నది.

ఈ లెక్క వలననే నేను ఆటను చదువుకు బదులుగా కోరడం లేదు, చదువులో భాగంగా కోరుతున్నాను. లీగుకు చేరిన ఒక్కనికొరకు కాదు కళాశాల మెట్టు, చేరలేని తొంభైతొమ్మిది మంది కొరకు. చేరినవానికి లీగు అన్నము పెట్టును. చేరలేనివానికి పట్టా కావలెను. మోకాలి ఎముక ఒక్కసారి బెణికితే ఇరవై ఏళ్ళకే ఆట ముగిసిపోవచ్చు. అట్టి విద్యార్థి చేతిలో పట్టా లేకపోతే, "ఆటలు కడుపు నింపుతాయా?" అన్న తండ్రి మాటే గెలిచినట్లవుతుంది. చదువూ ఆటా రెండూ చేతిలో ఉన్నవానికి ఉపాధ్యాయుడుగా, శిక్షకుడుగా, క్రీడాకారుల కోటాలో ఉద్యోగిగా పది త్రోవలు తెరచి ఉంటవి.

విద్యార్థినుల విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది. "మన ఆడపిల్లలకు ఆటలెందుకు?" అని అడిగేవారు ఇంకా ఉన్నారు. 1973లో ఒక తెలుగు యువతి వాలీబాల్‌లో అర్జున పురస్కారం పొందినదని వారికి జ్ఞాపకం చేయవలెను. అమెరికాలో బిల్‌కీస్ అబ్దుల్ ఖాదిర్ అనే విద్యార్థిని తలను వస్త్రంతో కప్పుకొనియే బాస్కెట్‌బాల్ ఆడినది. మసాచుసెట్స్ రాష్ట్రంలో పాఠశాల స్థాయిలోనే మూడువేలకు పైగా పాయింట్లు సాధించి, మెంఫిస్, ఇండియానా స్టేట్ విశ్వవిద్యాలయాల పక్షాన ఆడినది. వృత్తి లీగుకు పోదామంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య నియమం అడ్డు వచ్చినది. తలమీద వస్త్రం కూడదన్నారు. ఆమె, ఆమెవంటి మరికొందరు చేసిన ప్రయత్నాల పిమ్మట 2017లో ఆ నియమం మారినది. ఆమె వృత్తి క్రీడాకాలం మాత్రం అప్పటికే చేజారిపోయినది. ఈ ఉదంతంలో వృత్తి లోకం తలుపు మూసినప్పుడు కూడా కళాశాల తలుపు తెరచి ఉంచినదని గమనించవలెను. తలుపులు తెరవడంలో విద్యాసంస్థ ముందుండవలెను గాని వెనుకబడరాదు. మన విద్యార్థినుల మర్యాదకు భంగం లేని దుస్తులు, వేరుగా సాధన సమయం, తోడుగా ఒక అధ్యాపకురాలు ఏర్పాటు చేస్తే అభ్యంతరం చెప్పే తల్లిదండ్రులు ఎందరో ఉండరు.

ఇక కమిటీ పెద్దలకు నా మనవి. ఖర్చు అనగానే స్టేడియం ఊహించుకొని భయపడనక్కరలేదు. వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. చుట్టూ మూడేసి మీటర్లు వదలినా మొత్తం 360 చదరపు మీటర్లు. మన లెక్కలో సుమారు తొమ్మిది సెంట్లు. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. చుట్టూ రెండేసి మీటర్లు కలుపుకున్నా పదిహేను సెంట్లు చాలును. రెండు కోర్టులకు పావు ఎకరం. నేడు ఖాళీగా ఉన్న ఆవరణలో రేపు గదులు లేస్తవి. గదులు అవసరమే. కాని మైదానపు చివరి ముక్క మీద కూడా గోడలు లేచిన తరువాత దానిని తిరిగి తెచ్చుకొనడం ఎవరి తరమూ కాదు. అందువలన కొత్త కట్టడాల నక్షాలో ముందుగా ఈ పావు ఎకరాన్ని గుర్తించి, దాని జోలికి పోరాదని తీర్మానించవలెను.

రెండవది శిక్షణ. పూర్తికాలపు శిక్షకుని నియమించే స్తోమత మనకు లేకపోవచ్చు. విస్సన్నపేట, నూజివీడు, మైలవరం, మధిర ప్రాంతాలలో వాలీబాల్ బాగుగా ఆడి, ఉద్యోగాలలో స్థిరపడినవారు ఉంటారు. వారానికి రెండు ఉదయాలు వచ్చి నేర్పుమని, దారిఖర్చులు మేము భరిస్తామని అడిగితే కాదనేవారు తక్కువ. చుట్టుప్రక్కల కళాశాలలతో నెలకొక స్నేహపూర్వక పోటీ పెట్టుకుంటే అంతర కళాశాల పోటీల నాటికి మన జట్టు బెదరదు. అక్కడ రాణించినవాడు కృష్ణా విశ్వవిద్యాలయపు జట్టుకు, దాని నుండి అంతర విశ్వవిద్యాలయ పోటీలకు, 2020లో భువనేశ్వరంలో ఆరంభమైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలకు పోవచ్చును. లీగు జట్లవారి కళ్ళు పడేది అటువంటిచోట్లనే.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, పాఠం. జట్టుతో పోయిన రోజులకు హాజరు వేయడం చాల కళాశాలలలో ఉన్న ఆనవాయితీయే. కాని హాజరు ఇచ్చినంత మాత్రాన పాఠం ఇచ్చినట్లు కాదు. విద్యార్థి తిరిగివచ్చేసరికి రెండు అధ్యాయాలు గడచిపోయి ఉంటవి. అడగడానికి సిగ్గు, చెప్పడానికి మనకు తీరిక లేదు. మార్చి నెలలో అతడు తప్పితే, ఆటల వలననే చెడిపోయినాడని అందరమూ అంటాము. అతనిని చెడగొట్టినది ఆట కాదు, తిరిగి చెప్పని పాఠం. ప్రతి విభాగంవారూ క్రీడాకారులకొరకు వారానికి రెండు గంటలు కేటాయిస్తే ఈ లోటు తీరును. తెలుగు విభాగం పక్షాన ఆ రెండు గంటలు చెప్పడానికి వచ్చే విద్యాసంవత్సరం నుండి నేను సిద్ధంగా ఉన్నాను.

అల్పసంఖ్యాక వర్గాల కళాశాలకు మొదటి బాధ్యత ఉత్తీర్ణతా శాతమూ ఉద్యోగాలూ కదా, ఆటల గొడవ మనకెందుకని కొందరు మిత్రులు అనవచ్చును. వారి ఆందోళన నాకు అర్థమవుతున్నది. కాని ఉదయం ఆరు గంటలకు లేచి కోర్టుకు వచ్చే అలవాటు, ఓడిన మరునాడు మళ్ళీ వచ్చే నిబ్బరం, తాను కొట్టగల బంతిని మెరుగైన స్థానంలోనున్న సహచరునికి అందించే గుణం పరీక్షకూ ఉద్యోగానికీ కూడా పనికివచ్చేవే. పైగా ఒకే జట్టులో ఉర్దూ మాధ్యమం విద్యార్థి బంతి ఎత్తితే తెలుగు మాధ్యమం విద్యార్థి కొట్టవలెను. ఒకరి పిలుపు ఒకరికి అర్థం కాకపోతే పాయింటు పోవును. ఉపన్యాసాలతో నేర్పలేని సఖ్యత అది.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎవరైనా రేపు గచ్చిబౌలి స్టేడియంలో జట్టు చొక్కా తొడిగి నిలబడతారని నేను హామీ ఇవ్వలేను. అటువంటి హామీ ఇచ్చేవారిని మీరూ నమ్మవద్దు. కాని కొండపర్వ నుండి బయలుదేరినవాడు అర్జున, ద్రోణాచార్య పురస్కారాల వరకు పోగలిగినాడు. ఆ దారి మన ఊరికి కొత్తది కాదు. సాధన మీ వంతు, చదువు వదలకపోవడం మీ వంతు. పావు ఎకరం నేల, ఒక గురువు, పోయిన పాఠం తిరిగి చెప్పే అధ్యాపకుడు మా వంతు. కమిటీ వారు వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మూడు అంశాలను చర్చకు స్వీకరించవలసినదిగా సవినయంగా కోరుతున్నాను.